కార్డులు కలిపితే జబ్బు ఆగుతుంది, జన్యువు ఆగదు

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



ఏజెన్సీ గూడేల్లో రక్తపరీక్ష చేసి ఇచ్చే సికిల్ సెల్ కార్డు గురించి ఈ ఉత్తరం. కార్డు వద్దని నేను అనడం లేదు. దాని మీద మనం పెట్టుకున్న ఆశ ఎక్కువ, దానికి చేతనయ్యేది తక్కువ. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ మిషన్ ప్రారంభించారు. 17 రాష్ట్రాలు, 278 జిల్లాలు, నలభై ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి జబ్బు బెడద లేకుండా చేయడం: ఇవీ లక్ష్యాలు. రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. పెళ్లికి ముందు జాతకాల కంటే ముందు ఈ కార్డులు కలిపి చూసుకోండి అనే మాట అప్పటి నుంచి సభల్లో తరచు వినిపిస్తోంది. చప్పట్లు కొట్టించుకునే మాటే. కానీ కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంటే ఆ మాట సగం దూరమే నడుస్తుంది.

సికింద్రాబాద్‌లో కూర్చుని ఉట్నూరు, భద్రాచలం గూడేల గురించి నీకెందుకయ్యా అని ఎవరైనా అడగవచ్చు. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ప్రకృతి వరణం అనే పాఠంలో సికిల్ సెల్‌కు మించిన ఉదాహరణ లేదని పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. పైగా ఆ కథ మొదటి సగం మా ఊళ్లోనే జరిగింది.

బేగంపేట పాత విమానాశ్రయం పక్కన, ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న రోనాల్డ్ రాస్ భవనం మీకు తెలిసే ఉంటుంది. నల్లకుంటలో మన జనం కోరంటి దవాఖానా అని పిలిచే ఫీవర్ ఆస్పత్రికి ఉన్న అధికారిక పేరులోనూ ఆయనే ఉన్నాడు. రాస్ 1895లో సికింద్రాబాద్ పటాలానికి డాక్టరుగా వచ్చాడు. రెండేళ్ల పాటు చేతికందిన దోమలన్నీ కోశాడు. అవన్నీ మనుషుల మలేరియాతో సంబంధం లేని జాతులు. 1897 ఆగస్టు ఉక్కపోతలో, దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఊపించుకోకుండా పని చేశాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని మచ్చల రెక్కల దోమల చేత కుట్టించి, అందుకు డబ్బులిచ్చి, నాలుగో రోజున, అంటే ఆగస్టు 20న, ఆ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. కుట్టించుకున్న హుసేన్ ఖాన్ పేరు ఎంతమందికి తెలుసు అన్నది వేరే సంగతి.

రాస్ చూసింది దోమను. దోమ మనిషిని ఏం చేసిందో, ఒక మనిషిని కాదు, తరాల మనుషులను ఏం చేసిందో, చూడటానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. విచిత్రమేమిటంటే 1897లోనే, సికింద్రాబాద్‌లో ఫలితం రావడానికి కొన్ని నెలల ముందు, రాస్ సెలవు మీద నీలగిరులకు వెళ్లి, సీగూరు ఘాట్ అనే లోయలో మలేరియా పరిశోధిస్తూ తనే జ్వరం తెచ్చుకున్నాడు. 1952లో లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు పరిశోధకులు భారతదేశంలో మొదటిసారి సికిల్ సెల్ రక్తాన్ని గుర్తించింది ఆ నీలగిరుల ఆదివాసుల్లోనే. జ్వరం, కొడవలి ఆకారపు రక్తకణం ఒకే కొండ మీద కాపురం ఉన్నాయి. రాస్ వాటిలో ఒకదాన్నే చూసి దిగి వచ్చాడు.

ఆ కణం సంగతి మీ శాఖ డాక్టర్లు మీకు చెప్పే ఉంటారు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. జన్యువులో మారింది ఒక్క అక్షరమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ అలాంటి జన్యువే వస్తే ఆ బిడ్డకు సికిల్ సెల్ జబ్బు. ఆక్సిజన్ తగ్గిన చోట ఎర్ర కణాలు కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలు పిండినట్టు నొప్పులు, రక్తహీనత, పసివయసులోనే ప్లీహం దెబ్బతిని న్యుమోనియా లాంటి వాటికి లొంగిపోవడం. ఒక్కరి నుంచే వస్తే అది ట్రైట్. ట్రైట్ ఉన్న మనిషి పొలం దున్నుతాడు, కబడ్డీ ఆడతాడు, ముసలివాడవుతాడు. అతనికి జబ్బు లేదు. ఈ ఒక్క మాట కార్డు మీద పెద్ద అక్షరాలతో, తెలుగులోనే కాక గోండీలో, కోయలో, కొలామీలో చదివి వినిపించే ఏర్పాటు ఉందా అన్నది నా మొదటి ప్రశ్న.

ఇంత హాని చేసే జన్యువు ఎందుకు మిగిలింది? పిల్లలు కనకుండానే చనిపోయేవాళ్లతో పాటు అదీ పోవాలి కదా. 1949లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ తలసీమియా అనే మరో హిమోగ్లోబిన్ జబ్బు గురించి ఇలాంటి ప్రశ్నే వేసుకుని, మలేరియాను అనుమానించాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికా పిల్లల రక్తం చూసి సికిల్ సెల్ విషయంలో ఆ అనుమానం నిజమని చూపించాడు. ట్రైట్ ఉన్న పిల్లల ఎర్ర కణంలోకి మలేరియా పరాన్నజీవి దూరితే ఆ కణం త్వరగా వంగిపోతుంది, ప్లీహం దాన్ని పరాన్నజీవితో సహా ఏరి పారేస్తుంది. ప్రాణాంతకమైన మలేరియా నుంచి ట్రైట్ దాదాపు 90 శాతం రక్షణ ఇస్తుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. రెండు జన్యువులూ ఉంటే జబ్బు తీసుకుపోతుంది. ఒక్కటీ లేకపోతే జ్వరం తీసుకుపోతుంది. ఒకటి ఉన్నవాడు మిగులుతాడు.

మైదానం నుంచి వెళ్లిన అధికారులు, సిపాయిలు మన్యం జ్వరం అనగానే వణికిపోయిన రోజుల్లో ఆ అడవుల్లోనే పుట్టి, అక్కడే పిల్లల్ని కన్నవాళ్లు గోండులు, కొలాములు, పర్ధానులు, కోయలు. వాళ్ల రక్తంలో ఉన్నది లోపం అని మన కరపత్రాలు రాస్తాయి. ఆ జ్వరం ముందు వాళ్ల పూర్వీకులు నిలబడటానికి ఏ మందూ లేని కాలంలో దొరికిన రక్షణ అది. ఎంత ఖరీదుకు దొరికిందో కూడా లెక్క కట్టవచ్చు.

ఒక గూడెంలో నూటికి 18 మందికి ట్రైట్ ఉందనుకుందాం. అంటే అక్కడి బీటా జన్యువుల్లో పదింట ఒకటి సికిల్ జన్యువు. మలేరియా కాలంలో జబ్బు పిల్లలెవరూ పెద్దవాళ్లు కాలేదనీ, జన్యువు పెరగక తరగక ఆ స్థాయిలోనే నిలిచిందనీ అనుకుంటే, సమీకరణం ఒక అంకె చెబుతుంది. ట్రైట్ ఉన్న పిల్లలతో పోలిస్తే, ట్రైట్ లేని మామూలు పిల్లల్లో నూటికి 11 మంది అదనంగా చనిపోయి ఉండాలి. ప్రతి తరంలోనూ. అలా జరిగితేనే ఆ జన్యువు అక్కడ ఆ స్థాయిలో నిలబడుతుంది. పీహెచ్‌సీ నుంచి మీ బల్ల మీదకు వచ్చే ట్రైట్ శాతం పట్టికను ఈ కంటితో చదవండి, మంత్రి గారూ. ఏ రిజిస్టరులోకీ ఎక్కని మలేరియా చావుల లెక్క ఆ పట్టికలో ఉంది. 

ఈ లెక్క నేర్పిన హాల్డేన్ మనకు పరాయివాడు కాదు. 1924లో ప్రకృతి వరణానికి, కృత్రిమ వరణానికి గణిత సిద్ధాంతం అనే పేరుతో వరసగా వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. వరణం ఎంత వేగంగా, ఎంత నెమ్మదిగా పని చేస్తుందో అంకెల్లో చూపించాడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చాడు, ఈ దేశ పౌరుడయ్యాడు, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని రాసి పెట్టాడు. అది చేరింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. ఆయన శిష్యుల్లో ఒకరు పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు. మన తెలుగు ఇళ్లలో మేనరికాలు ఎంతగా ఉన్నాయో, వాటి ఫలితమేమిటో మరో పరిశోధకుడు మీరాఖాన్ గారితో కలిసి 1963లోనే ప్రచురించారు. మేనరికం సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు కార్డు లెక్క. పైన చెప్పిన గూడెమే తీసుకోండి. ట్రైట్ ఉన్న 18 మందీ మీ మాట విని, కార్డులు కలిపి, ట్రైట్ లేని 18 మందినే పెళ్లి చేసుకున్నారు. పద్దెనిమిది జంటలు. జంటకు ఇద్దరు చొప్పున 36 మంది పిల్లలు. ప్రతి బిడ్డకూ ట్రైట్ రావడానికి సగం అవకాశం. అంటే వాళ్లలో 18 మందికి ట్రైట్. జబ్బుతో పుట్టిన బిడ్డ ఒక్కరూ లేరు, అది నిజం. కానీ ట్రైట్ ఉన్నవాళ్లు మొదట పద్దెనిమిది, ఇప్పుడూ పద్దెనిమిదే. కార్డు నూటికి నూరు పాళ్లు పని చేసిన ఊళ్లో జన్యువు ఒక్క గింజ కూడా తగ్గలేదు. ఇంకా చెప్పాలంటే, జబ్బు పిల్లలు చనిపోవడం ద్వారా ప్రకృతి చేసే క్రూరమైన ఏరివేత ఏదైతే ఉందో దాన్ని కూడా కార్డు ఆపేసింది. ఆపవలసిందే. అయితే దానర్థం ఈ జన్యువు మనతోనే ఉంటుందని.

పోనీ, కార్డు లేకుండా ప్రకృతికే వదిలేసి ఉంటే? మలేరియా పోయింది, జబ్బు పిల్లలెవరూ బతకడం లేదు అనుకుంటే, పదింట ఒకటిగా ఉన్న జన్యువు ఇరవైకి ఒకటి కావడానికి పది తరాలు కావాలి. తరానికి పాతికేళ్లు వేసుకుంటే 250 ఏళ్లు. అక్కడి నుంచి మళ్లీ సగం కావడానికి ఇరవై తరాలు. అరుదయ్యే కొద్దీ జన్యువు ట్రైట్ మనుషుల్లో దాక్కుంటుంది, వరణం చేతికి చిక్కదు. షహడోల్ సభ నుంచి 2047కు ఉన్నది ఒక్క తరం కూడా కాదు. కాబట్టి 2047లో మీ కుర్చీలో కూర్చునే మంత్రి గారికి కూడా ఇంతే మంది ట్రైట్ ఉన్నవాళ్లు ఉంటారు. ఈ కార్యక్రమం ఒక గడువుకు ముగిసే ఉద్యమంలా కాక, టీకాల్లాగా ఏటా జరిగే పనిగా బడ్జెట్‌లో ఉండాలి.

మనకు వరణం అంటే అలవాటే. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, మనం బీపీటీ అని పిలుచుకునే వరి, బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులుకు తట్టుకోలేకపోయేది. హబ్సీగూడ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరం ద్వారా దానిలోకి తెచ్చారు. తరం తరువాత తరం మొక్కల డీఎన్‌ఏ చూసి, కావలసినవి ఉంచుకుని మిగతావి వదిలేస్తూ పోయి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశారు. అన్నం రుచి మారలేదు, తెగులు ఆగింది. కృత్రిమ వరణం అంత చక్కగా పని చేయడానికి కారణం ఏరి పారేసే హక్కు శాస్త్రవేత్తకు ఉండటం. మడిలో మొక్కను పీకితే అడిగేవాడు లేడు. మనుషుల మీద ఆ హక్కు తమకుందని అనుకున్న ప్రభుత్వాలు గత శతాబ్దంలో ఉన్నాయి. అమెరికా రాష్ట్రాలు బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాయి, 1933లో జర్మనీ దానికొక చట్టమే చేసింది. అలాంటి ఆపరేషన్లతో జన్యువులు తగ్గవని హాల్డేన్ 1938లో ఒక పుస్తకమే రాశాడు. మన మిషన్ అలాంటిదని నేను అనడం లేదు. అయితే కార్డు చేతిలో పట్టుకుని ఫలానావాళ్లను చేసుకో, ఫలానావాళ్లను చేసుకోకు అని చెప్పేది ప్రభుత్వ ఉద్యోగి అయినప్పుడు ఆ మాట ఎంత బరువుగా దిగుతుందో మీకు తెలియనిది కాదు. ఆ బరువు ఎక్కువగా ఆడపిల్ల మీదే పడుతుందని చెప్పడానికి నాకు ఏ పరిశోధనా అక్కర్లేదు. సంబంధం తప్పిపోతే పిల్ల వైపే వేలు చూపించే సమాజం మనది.

కార్డు ఇలా మచ్చగా మారడం ఊహ కాదు, ఒకచోట జరిగింది. గ్రీసులో ఓర్ఖొమెనోస్ అనే ఊరిలో నాలుగింట ఒకరికి దగ్గరగా ట్రైట్ ఉండేది. ఊరందరికీ పరీక్షలు చేసి, విషయం వివరించి, పెళ్లిళ్లలో జాగ్రత్త పడమని చెప్పారు. కొన్నేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ట్రైట్ ఉన్నవాళ్లకు మచ్చ పడింది, సంగతి దాచిపెట్టి పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఇద్దరికీ ట్రైట్ ఉన్న జంటలు, కార్డే లేకపోయి ఉంటే ఎన్ని ఉండేవో దాదాపు అన్నీ ఏర్పడ్డాయి. 1974లో ఆ ఫలితం అచ్చయింది. ఆ దశాబ్దంలోనే అమెరికాలో ట్రైట్ ఉన్న నల్లజాతి యువకులను వైమానిక దళ అకాడమీలోకి రానివ్వలేదు. 1981 దాకా ఆ నిషేధం ఉంది. జబ్బు లేని మనిషిని కాగితం రోగిని చేసింది.

సైప్రస్ ఇంకో దారి పట్టింది. అక్కడ తలసీమియా. 1983 నుంచి చర్చి పెళ్లి చేయాలంటే పరీక్ష చేయించుకున్నామన్న పత్రం తేవాలి. ఫలితం ఏమిటో పూజారికి అక్కర్లేదు, తెలుసుకున్నారా లేదా అన్నదే అక్కర. పెళ్లిళ్లు పెద్దగా తప్పిపోలేదు. పెళ్లి చేసుకుని, గర్భం నిలిచాక తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకునే ఏర్పాటు అందరికీ అందుబాటులో ఉంచారు. జబ్బు పిల్లల పుట్టుక దాదాపు సున్నాకు వచ్చింది. తేడా ఎక్కడుందో చూడండి. ఓర్ఖొమెనోస్‌లో ఎవరిని చేసుకోవాలో చెప్పారు. సైప్రస్‌లో ఎవరిని చేసుకున్నా తర్వాత ఏం చేయవచ్చో చేతికి అందించారు. మన దగ్గర గర్భస్థ పరీక్ష హైదరాబాద్‌లో ఉంది. ఉట్నూరు నుంచి దాదాపు మూడు వందల కిలోమీటర్లు వచ్చి, పది పన్నెండు వారాల లోపు ఆ పరీక్ష చేయించుకోగలిగే గోండు దంపతులు ఎందరు? ఆ సౌకర్యాన్ని వాళ్ల దగ్గరకు తీసుకెళ్లాలి. చేయించుకోవాలా వద్దా అన్నది మాత్రం వాళ్ల ఇష్టానికే వదలాలి.

ఇక పరీక్ష సంగతి. క్యాంపుల్లో మొదట చేసే సాల్యుబిలిటీ టెస్టు సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అన్నదే చెబుతుంది. ట్రైటా, జబ్బా అన్నది చెప్పదు. అప్పుడే పుట్టిన బిడ్డకు అసలు పనికిరాదు, ఎందుకంటే ఆ వయసులో రక్తంలో ఎక్కువ భాగం గర్భస్థ హిమోగ్లోబినే. అన్నిటికంటే ముఖ్యం, బీటా తలసీమియా ట్రైట్‌ను అది పట్టుకోదు. ఒకరికి సికిల్ ట్రైట్, ఇంకొకరికి తలసీమియా ట్రైట్ ఉంటే వాళ్ల పిల్లల్లో నాలుగింట ఒకరికి జబ్బు రావచ్చు. అది సికిల్ సెల్ జబ్బంత తీవ్రంగానూ ఉండవచ్చు. ఇలాంటి జంటలో ఒకరి కార్డు మీద నార్మల్ అని ఉంటుంది. కార్డులు కలిపి, పెద్దలందరూ తృప్తిపడి, పెళ్లి చేశాక ఆ బిడ్డ పుడితే కార్డు మీద నమ్మకం ఆ గూడెంలో ఇక ఉండదు. కాబట్టి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో రెండూ చూడకుండా ఎవరి చేతిలోనూ కార్డు పెట్టకండి.

తలసీమియా కూడా మలేరియా ఏరి పెట్టిన జన్యువే. అది అడవికే పరిమితం కాదు. దేశ విభజన తర్వాత వచ్చి మా సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ సింధీ, పంజాబీ కుటుంబాల్లో దాని ట్రైట్ మిగతావాళ్లలో కంటే ఎక్కువ. మిగతా కులాలు, మతాల్లోనూ ఉంది. రాజేంద్రనగర్ వైపు తలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే పిల్లల్ని చూస్తే ఇది ఏ ఒక్క జాతి గొడవా కాదని తెలుస్తుంది. మరి పరీక్షలు, కార్డులు గిరిజనులకేనా? నగరంలో కాలేజీ పిల్లలకూ ఇదే పరీక్ష పెట్టండి. అందరికీ ఉన్న కార్డు ఎవరికీ మచ్చ కాదు.

మేనరికం దగ్గరకు వస్తానన్నాను. పైన చెప్పిన గూడెంలోనే, కార్డులు ఏమీ లేకుండా పెళ్లిళ్లు జరిగితే నూటికి ఒక బిడ్డ జబ్బుతో పుడుతుంది. అవన్నీ మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లయితే ఆ ఒకటి ఒకటిన్నర దాటుతుంది. మేనమామనే చేసుకునే ఇళ్లలో రెండు దాటుతుంది. ఒకే తాత దగ్గరున్న జన్యువు ఇద్దరి చేతికీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి. ఇందులో అడవికీ ఊరికీ తేడా లేదు. కరీంనగర్‌లో, గుంటూరులో, ఇక్కడ మారేడుపల్లిలో మన బంధువుల పెళ్లి పత్రికలు తీసి చూసుకుంటే చాలు. గూడెం వాళ్లకు పెళ్లి సలహా చెప్పే ముందు మనం ఒకసారి అద్దం చూసుకోవడం మర్యాద.

మలేరియా తగ్గింది కదా, ఇక ట్రైట్‌తో పనేముంది అనుకునే తొందర కూడా వద్దు. వరణం మన చేతి మీదుగా, మనకు తెలియకుండానే ఒకసారి జరిగింది. 1953లో జాతీయ మలేరియా కార్యక్రమం మొదలైంది. ఊరూరా డీడీటీ కొట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. గెలిచామనుకున్నారు. ఈలోగా డీడీటీకి చావని దోమ ఎక్కడో ఒకటి ఉంటే, చచ్చిన దోమల చోటంతా దాని పిల్లలకే దక్కింది. నిధులూ తగ్గాయి, నిఘా సడలింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. 1973లో అస్సాంలో క్లోరోక్విన్‌కు లొంగని పరాన్నజీవి కనిపించింది. దోమలో వైవిధ్యం ఉంది, పరాన్నజీవిలో వైవిధ్యం ఉంది, మన రక్తంలోనూ ఉంది. మనం ఏ మందు వాడినా ఆ మందే ఒక జల్లెడ అవుతుంది. ఈ సందర్భంలో ఇంకొక చిన్న మనవి. మలేరియా ఏరి పెట్టిన మరో తేడా జీ6పీడీ ఎంజైము లోపం. అది ఉన్నవాళ్లకు మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రతో ఎర్ర కణాలు పగిలిపోవచ్చు. సికిల్ సెల్ కోసం సూది గుచ్చి రక్తం తీస్తూనే ఉన్నారు, ఆ రక్తంతో ఈ పరీక్షా చేసి కార్డు మీద రాస్తే ఆ కార్డు పెళ్లికి కాకపోయినా జ్వరానికి పనికొస్తుంది.

అసలు పని వైద్యం దగ్గరుంది. ఇప్పటికే పుట్టిన పిల్లలు ఉన్నారు. కార్డులు ఎంత బాగా కలిపినా ఇష్టపడి చేసుకునేవాళ్లు ఉంటారు, కార్డు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు, పెళ్లయ్యాక కార్డు అందేవాళ్లు ఉంటారు, కాబట్టి ఇంకా పుడతారు. వాళ్లకు ఏం చేయాలో తెలిసి దశాబ్దాలైంది. పసిపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లోనే తేలింది. హైడ్రాక్సీయూరియా నొప్పుల దాడులను దాదాపు సగానికి తెస్తుందని 1995లో తేలింది. అది మాత్ర, ఆపరేషన్ కాదు. అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు సవరణ చికిత్స ఖర్చు అప్పట్లో అమెరికాలో మనిషికి 22 లక్షల డాలర్లు. అది చేసే పని పుట్టాక మూతపడే గర్భస్థ హిమోగ్లోబిన్‌ను మళ్లీ తెరవడం. హైడ్రాక్సీయూరియా చేసే ముఖ్యమైన పనీ అదే, తక్కువ స్థాయిలో. ఇక్కడా ప్రకృతి మనకు కొంత మేలు చేసింది. మన దేశంలో ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి గర్భస్థ హిమోగ్లోబిన్ సహజంగానే కాస్త ఎక్కువ. అందుకే ఆఫ్రికాలో ఉన్నంత తీవ్రంగా మన ఆదివాసుల్లో ఉండదని పుస్తకాలు రాస్తాయి. ఆ వాక్యాన్ని పట్టుకుని, ఒళ్లంతా నొప్పులని వచ్చిన పిల్లవాడికి పారాసిటమాల్ ఇచ్చి ఇంటికి పంపే డాక్టరు ఉండకూడదు. ఒకే జబ్బు ఉన్న ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు బడికి పోతుంటే ఇంకొకడు మంచం దిగలేకపోవచ్చు. వైవిధ్యం అంటే అదీ.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం నొప్పులతో ఉన్న పిల్లను ఎత్తుకుని జిల్లా కేంద్రానికి తిరగకుండా, భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం ఐటీడీఏల దగ్గరే ఇప్పించవచ్చు. ఆశ్రమ పాఠశాల హాజరు పట్టీలో పేరు పక్కన ట్రైట్ అని రాసే అలవాటు ఎక్కడా మొదలు కానివ్వకండి. జబ్బు ఉన్న పిల్లలకు నీళ్లు ఎక్కువ తాగనివ్వాలనీ, చలిలో చన్నీళ్ల స్నానం చేయించకూడదనీ, నొప్పి అంటే నమ్మాలనీ వార్డెన్‌కు చెప్పడం దానికంటే అవసరం. బేగంపేట రాస్ భవనంలో ఈ రెండో సగం కథ కూడా ఒక గోడ మీద రాయించమని ఉన్నత విద్యాశాఖతో మీరు ఒక మాట అంటే సంతోషిస్తాను, కానీ అది ఆగినా ఫరవాలేదు.

మిషన్ మీద ఇకపై జరిగే రివ్యూ మీటింగులో పరీక్షలు ఎన్ని చేశారు, కార్డులు ఎన్ని పంచారు అని అధికారులు పట్టికలు చూపిస్తారు. వాటిని పక్కన పెట్టించి వేరే అంకెలు అడగండి. ఏజెన్సీ ఆస్పత్రుల్లో గత నెల పుట్టిన బిడ్డల్లో ఎంతమందికి మొదటి వారంలో పరీక్ష జరిగింది? జబ్బు ఉందని తేలిన అయిదేళ్ల లోపు పిల్లల్లో ఎంతమంది ఇవాళ పెన్సిలిన్ మీద ఉన్నారు? హైడ్రాక్సీయూరియా ఏ పీహెచ్‌సీలో ఎన్ని రోజులు లేకుండా పోయింది? అంకె చెప్పలేని అధికారికి పది రోజులు గడువివ్వండి. వచ్చిన జవాబును, ఏ ఒక్క రోగి పేరూ లేకుండా, పత్రికలకు విడుదల చేయండి.

ఇట్లు,
సికింద్రాబాద్ నివాసి,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు